రాయించే ముందు చెప్పించండి

ప్రశ్న: నమస్తే అండీ. ప్రకాశం జిల్లాలో ఒక మండల పరిషత్ ప్రాథమిక పాఠశాలలో ఎస్జీటీగా పనిచేస్తున్నాను. మూడు, నాలుగు, ఐదు తరగతుల పిల్లలు ఒకే గదిలో కూర్చుంటారు, మూడు తరగతులకీ తెలుగు నేనే చెప్తాను. ఆగస్టు 29న తెలుగు భాషా దినోత్సవానికి పిల్లల చేత కవితలు రాయించమని మా హెచ్‌ఎం గారు అన్నారు. ‘చెట్టు’ మీద రాయమన్నాను. అందరూ ఇంచుమించు ఒకేలా రాశారు. ‘చెట్టు చెట్టు మంచి చెట్టు, నీడనిచ్చే చెట్టు, పండ్లనిచ్చే చెట్టు, మనం నాటాలి చెట్టు.’ నాలుగో తరగతి పాప ఒకతె మాత్రం చెట్టుని వదిలేసి వాళ్ళ నాన్న మీద రాసింది. ఆయన లారీ డ్రైవరు. ఆ పాప రాసింది ఇది:

మా నాన్న లారీలోనే పడుకుంటాడు
రాత్రి ఫోన్ చేస్తే హారన్లు ఇనపడతాయి
అమ్మ ఇంక పెట్టెయ్యమంటది
హారన్ ఆగేదాకా నేను పెట్టను

ప్రాస లేదు, చివర నీతి లేదు. మిగతా పిల్లలు నవ్వారు. ఇది కవితేనా? నాకు ఛందస్సు రాదు, నేనెప్పుడూ కవిత రాయలేదు. అలాంటి నేను పిల్లలకి ఎలా నేర్పాలి? ప్రాస ఉండాలా? తప్పులు దిద్దాలా? పోటీ పెట్టి బహుమతులు ఇద్దామంటున్నారు. ఇవ్వమంటారా?

జవాబు: టీచరు గారూ, ముందు ఆ పాప రాసిన నాలుగు లైన్ల సంగతి చూద్దాం. అది కవితే, అనుమానం పెట్టుకోకండి. నాన్నంటే ఇష్టమని గానీ, నాన్న గుర్తొస్తున్నాడని గానీ ఆ పిల్ల ఎక్కడా అనలేదు. హారన్ ఆగేదాకా ఫోన్ పెట్టనంది, అంతే. హారన్ మోతలో నాన్న మాట వినపడక ఆగిందా, ఆ హారన్ కూడా నాన్నదే కాబట్టి వింటోందా? చెప్పలేదు. చదివిన మనమే అక్కడ కాసేపు ఆగుతాం. ఆ ఇంట్లో, ఆ రాత్రి, ఆ ఫోన్ పట్టుకున్న పిల్లకి తప్ప ఇంకెవరికీ తెలియని సంగతి అందులో ఉంది. దానికి ప్రాస అక్కర్లేదు, నీతి అసలే అక్కర్లేదు.

చెట్టు మీద రాసిన పిల్లల తప్పు కూడా ఏమీ లేదు. బళ్ళో ‘చెట్టు’ అన్నామంటే ఏం రాయాలో వాళ్ళకి ముందే తెలుసు. పరిసరాల విజ్ఞానం పాఠంలో చదివారు, పరీక్షలో రాశారు, మార్కులొచ్చాయి. అదే జవాబుని లైన్లుగా విరగ్గొట్టి మీకిచ్చారు. పర్యావరణం, దేశభక్తి, అమ్మ గొప్పదనం, గురువు గొప్పదనం, ఇలాంటి ‘అంశం’ ఏది ఇచ్చినా ఇంతే జరుగుతుంది. అంశం పెద్దదయ్యేకొద్దీ పిల్లవాడు తన మాట వదిలి మన మాట రాస్తాడు.

రేపు బడికి వెళ్ళగానే ఆ పాపని పక్కకి పిలిచి, ‘నువ్వు రాసింది క్లాసులో చదవనా?’ అని అడగండి. ఒప్పుకుంటే మీరే నెమ్మదిగా చదవండి. ఎందుకు బాగుందో వివరించకండి. చదివేసి మిగతా పిల్లల్ని ఒక్కటే అడగండి: ‘మీ వాళ్ళెవరైనా దూరంగా ఉంటే ఫోన్లో మీకేం వినపడుతుంది?’ హైదరాబాద్‌లో మేస్త్రీ పని చేసే బాబాయి ఉంటాడు, ఒంగోలు హాస్టల్లో చదివే అక్క ఉంటుంది, గల్ఫ్‌లో మామయ్య ఉంటాడు. నవ్విన పిల్లలే చేతులెత్తుతారు. అప్పుడు వాళ్ళు చెప్పేది బోర్డు మీద రాయడం మొదలుపెట్టండి.

నేను మీకు చెప్పదలుచుకున్నది ముఖ్యంగా ఇదే. రాయించే ముందు చెప్పించండి. మూడో తరగతి పిల్లవాడికి నోరు ఎంత వేగంగా ఆడుతుందో చెయ్యి అంత నెమ్మదిగా కదులుతుంది. ఒక వత్తు దగ్గర ఆగిపోతే అనుకున్న మాట కాస్తా జారిపోతుంది. అందుకే తనకి రాయడం వచ్చిన మాటలే ఏరుకుంటాడు: చెట్టు, నీడ, పండు, మంచి. వాడి బుర్రలో ఉన్నవి అవి కావు, వాడి చేతికి వచ్చినవి అవి. కాబట్టి మొదటి నెలా రెండు నెలలూ రాతపని మీరు తీసుకోండి. వాళ్ళు చెప్తారు, మీరు బోర్డు మీద రాస్తారు. వాళ్ళ మాటని ‘సరిచేసి’ రాయొద్దు, అన్నది అన్నట్టే రాయండి. తన నోట్లోంచి వచ్చిన మాట బోర్డు మీద కనపడ్డప్పుడు పిల్లవాడి మొహం చూస్తే మీకే అర్థమవుతుంది.

చెట్టునే మళ్ళీ తీసుకుందాం. మీ బడి ఆవరణలో వేపచెట్టో కానుగచెట్టో ఉంటుందనుకుంటాను. పుస్తకాలూ పెన్సిళ్ళూ గదిలోనే వదిలేయించి పిల్లల్ని అక్కడికి తీసుకెళ్ళండి. ‘చెట్టు మనకి ఏమిస్తుంది?’ అని మాత్రం అడగొద్దు. అడిగితే పాఠం అప్పజెప్తారు. ఇలా అడిగి చూడండి:

‘నీడ ఇప్పుడు ఎక్కడుంది?’
‘ఆఫీసు రూము గోడ మీదుందండి.’
‘మరి అన్నం బెల్లప్పుడు?’
‘చెట్టు కిందికి వచ్చేస్తదండి. మేం ఆడనే కూర్చుంటాం.’
‘ఇంటికెళ్ళేటప్పుడు?’

దీనికి ఎవరో ఒకరు పరిగెత్తుకెళ్ళి చోటు చూపిస్తారు. ‘ఈ గేటు దాకా వస్తదండి!’

లోపలికొచ్చాక వాళ్ళన్న మాటల్నే బోర్డు మీద పేర్చండి:

పొద్దున బెల్లు కొట్టేటప్పుడు
చెట్టు నీడ ఆఫీసు రూము గోడ మీదుంటది
అన్నం బెల్లుకి చెట్టు కిందికి వచ్చేస్తది
మేం పళ్ళేలు పట్టుకుని ఆడనే కూర్చుంటాం
సాయంత్రం
గేటు దాకా మాతో వస్తది

ఇందులో మీరు చేర్చినవి పొద్దున, సాయంత్రం లాంటి కొద్ది మాటలే, మిగతావన్నీ పిల్లల మాటలే. ‘నీడనిచ్చే చెట్టు’ కవితనీ దీన్నీ వెంటవెంటనే చదివి వినిపించండి చాలు, తేడా ఏమిటో పిల్లలే చెప్తారు.

ఇక్కడ టీచరు చేసే పనంతా రెండో ప్రశ్న అడగడంలో ఉంది. పిల్లవాడు మొదట చెప్పే మాట సాధారణంగా అందరూ చెప్పేదే అయి ఉంటుంది. ‘మా అవ్వ మంచిది’ అంటాడు. సరే అని వదిలేయకండి. ‘నిన్న రాత్రి మీ అవ్వ ఏం చేస్తోంది?’ అని అడగండి. ‘చింతపండులో గింజలు తీస్తా నిద్రపోయింది’ అంటాడు. అదిగో, లైను దొరికింది. ఎక్కడ, ఎప్పుడు, ఏం చప్పుడు, ఏం వాసన, చేతిలో ఏముంది, తర్వాత ఏం చేసింది, ఇలాంటి ప్రశ్నలు పనిచేస్తాయి. ‘నీకెలా అనిపించింది?’ అన్న ప్రశ్న చిన్నపిల్లల దగ్గర పనిచేయదు. ‘బాగుందండి’ అంటారు, అక్కడితో అయిపోతుంది.

మీకున్న మూడు తరగతుల గదికి బాగా సరిపోయే పద్ధతి ఇంకొకటి ఉంది. కెనెత్ కోక్ అనే అమెరికన్ కవి 1968లో న్యూయార్క్‌లోని ఒక ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలలో పిల్లలకి కవిత్వం చెప్పడం మొదలుపెట్టాడు. ఆయన మొదట చేయించింది క్లాసంతా కలిసి ఒకే కవిత రాయడం. ప్రతి పిల్లా ఒక్క లైనే రాయాలి. ప్రతి లైనూ ‘నాకు ఇలా ఉంటే బాగుండు’ అని మొదలవ్వాలి, అందులో ఒక రంగు పేరు, ఒక ఊరో దేశమో, ఒక బొమ్మల కథలో పాత్ర రావాలి. ప్రాస అక్కర్లేదు, స్పెల్లింగు గురించి బెంగ వద్దు అన్నాడు. మొదలు మనం ఇచ్చేస్తే పిల్లవాడికి ఖాళీ కాగితం చూసి పుట్టే భయం పోతుంది. ఒక్క లైనే కాబట్టి ఐదో తరగతి వాడి పక్కన మూడో తరగతి వాడు కూడా నిలబడగలడు.

మన పిల్లలకి పనికొచ్చే మొదళ్ళు మీరే తయారుచేసుకోవచ్చు. ‘మా ఇంట్లో అందరికంటే ముందు లేచేది…’ అని ఇస్తే ఒకరు అమ్మ అంటారు, ఒకరు కోడి అంటారు, ఎవరో ఒకరు ‘చీపురు’ అంటారు. ఆ చీపురు దగ్గర మీరు ఆగి, ‘ఇంకోసారి చెప్పు’ అనండి. ‘వాన పడితే మా ఇంట్లో…’ అనేది కూడా బాగుంటుంది. మీ వైపు పొగాకు వేసేవాళ్ళ పిల్లలుంటే వానంటే ఆట గుర్తుకురాదు, పట్టాలు కప్పడానికి నాన్న పరిగెత్తడం గుర్తొస్తుంది. ‘చిన్నప్పుడు నేను ఇలా అనుకునేదాన్ని, ఇప్పుడు…’ అన్నది ఐదో తరగతి వాళ్ళకి ఇవ్వండి. ఎనిమిదేళ్ళ వాడికి కూడా ‘చిన్నప్పుడు’ అనేది ఒకటి ఉంటుంది, దాని గురించి మాట్లాడమంటే వాళ్ళకి చాలా ఇష్టం.

పోలిక చెప్పడం నేర్పాలంటే అలంకారాల పాఠం వద్దు, పొడుపుకథలు చాలు. ‘కిటకిట తలుపులు కిటారి తలుపులు, ఎప్పుడు తీసినా చప్పుడు కావు.’ కంటిరెప్పల్ని తలుపులుగా చూడగలిగినవాడికి ఇక మనం నేర్పేదేముంది? అడవిలో పుట్టి, అడవిలో పెరిగి, మన ఇంటికొచ్చి తైతక్కలాడే కవ్వం సంగతీ అంతే. ఇంట్లో అవ్వనో తాతనో అడిగి తలా ఒకటి తెచ్చుకురమ్మనండి. అవన్నీ విన్నాక, మన గదిలోని వస్తువు మీద కొత్తది కట్టమనండి. షరతు ఒక్కటే, వస్తువు పేరు చెప్పకూడదు. సుద్దముక్క మీద, ‘నోరు లేదు గానీ పాఠం చెప్తది, చెప్పేకొద్దీ అరిగిపోతది’ లాంటిది వస్తుంది. ఫ్యాను, పలక, బ్యాగు జిప్పు, అన్నం పళ్ళెం, నీళ్ళ బాటిలు, దేని మీదైనా కట్టొచ్చు. పేరు చెప్పకూడదన్న ఆ ఒక్క నియమం వల్ల పిల్లవాడు వస్తువుని మళ్ళీ చూడక తప్పదు.

ఇక ప్రాస. పిల్లల కవిత అనగానే చాలామంది పెద్దలు ముందు అడిగేది ఇదే. తెలుగులో వాక్యం చివర క్రియ వస్తుంది కాబట్టి అంత్యప్రాస ఊరికే పడిపోతుంది: వస్తుంది, చూస్తుంది, ఇస్తుంది, చేస్తుంది. అందులో పిల్లవాడు పడ్డ కష్టం ఏమీ లేదు, పైగా ప్రతి లైనూ ఒకే మూసలోకి వెళ్ళిపోతుంది. ‘తప్పకుండా ప్రాస ఉండాలి’ అన్నామంటే ‘చెట్టు’కి ‘గట్టు’, దానికి ‘పట్టు’ అంటూ, చెప్పాలనుకున్నది వదిలేసి దొరికిన మాట వెంట పోతాడు. అందుకని ప్రాసని కవితకి షరతుగా పెట్టకండి.

కానీ ఆటగా తప్పకుండా పెట్టండి. మన పద్యాల్లో ప్రాస అంటే పాదంలో రెండో అక్షరం. పిల్లలకి ఆ మాట చెప్పనక్కర్లేదు, చెవికి పట్టిస్తే చాలు. ‘చెయ్యని కుండ, పొయ్యని నీళ్ళు, వెయ్యని సున్నం, తియ్యగనుండు’ అని కొబ్బరికాయ పొడుపుకథ చెప్పించి, ఏ చప్పుడు మళ్ళీ మళ్ళీ వస్తోందో అడగండి. తర్వాత బోర్డు మీద ‘అక్క’ అని రాసి, అలాంటివి చెప్పమంటే కుక్క, చుక్క, ముక్క, రెక్క, లెక్క, పక్క అంటూ గది దద్దరిల్లిపోతుంది. వాటిల్లో మూడు కలిసేలా ఒక వాక్యం చెప్పమనండి. ‘చుక్కల్ని లెక్క పెడతా ఉంటే అక్క పక్క వేసేసింది’ లాంటిది ఒక్కటి వచ్చినా ఆ రోజు పాఠం అయిపోయినట్టే. గలగల, చిటపట, తళతళ, గజగజ లాంటి జంట మాటలు మన భాషలో కొల్లలు. బోరింగు కొడితే ఏం చప్పుడు, పోపు పెడితే ఏం చప్పుడు, రేకుల మీద వాన పడితే ఏం చప్పుడు అని అడుగుతూ పోండి. పుస్తకంలో లేని చప్పుడు మాట ఎవరైనా సొంతంగా పుట్టిస్తే మాత్రం కచ్చితంగా బోర్డెక్కించండి.

ఛందస్సు రాదని మీరు టెన్షన్ పడకండి. గురువు, లఘువు, గణాలు హైస్కూల్లో వస్తాయి. ఇప్పుడు కావాల్సింది తాళం, అది పిల్లల దగ్గర మీకంటే నాకంటే ఎక్కువే ఉంది. ‘వానా వానా వల్లప్పా’ అంటూ చప్పట్లు కొట్టించండి. అదే తాళానికి ‘బస్సూ బస్సూ రావమ్మా’, ‘బెల్లూ బెల్లూ మోగమ్మా’ అనిపించండి. కూర్చుంటుంది. ఇప్పుడు ‘బస్సూ బస్సూ తొందరగా రావమ్మా’ అనండి. చప్పట్లు తప్పుతాయి. ఎక్కడ తప్పిందో వాళ్ళే పట్టుకుంటారు, సరిచేస్తారు కూడా. రోజూ ప్రార్థన అయ్యాక ఐదు నిమిషాలు ఇది చేయిస్తే హైస్కూలుకి వెళ్ళాక గణవిభజన చూసి బెదరరు.

పద్యాలు కంఠస్థం చేయించడం మానొద్దు. అయితే అప్పజెప్పించి వదిలేయకుండా, ఆ పద్యం లోపల ఏం జరుగుతోందో చూపించండి. ‘ఉప్పు కప్పురంబు నొక్క పోలికనుండు, చూడ చూడ రుచుల జాడ వేరు’ చెప్పే రోజు వంటగదిలోంచి కాస్త ఉప్పు, పూజ సామాన్ల కొట్టు నుంచి కాస్త కర్పూరం తెచ్చి బల్ల మీద పెట్టండి. దూరం నుంచి చూడమనండి, దగ్గరికొచ్చి వాసన చూడమనండి. నోట్లో పెట్టుకోనివ్వద్దు, కర్పూరం కడుపులోకి పోతే పిల్లలకి ప్రమాదం. వేమన మనుషుల గురించి చెప్పబోయే ముందు రెండు వస్తువుల్ని మన కళ్ళ ముందు పెట్టాడని పిల్లలకి తెలియాలి. మనమేమో పిల్లల దగ్గర వస్తువు అడక్కుండా నేరుగా నీతి అడుగుతున్నాం.

మకుటం అన్నది కూడా పిల్లలకి భలే నచ్చే సంగతి. వేమన ప్రతి పద్యం చివరా తన పేరు పెట్టుకున్నాడు కదా, నువ్వూ నీ పేరుతో ఒక చివరి లైను కట్టుకో అనండి. కొంతమంది తమ్ముడి పేరు పెడతారు, ఒకడు మేకపిల్ల పేరు పెడతాడు. అది నెలంతా వాడుకోనివ్వండి. చివరి లైను ఖాయంగా ఉంటే పైన మూడు లైన్లు నింపడానికి ధైర్యం వస్తుంది.

తప్పులు దిద్దే విషయంలో నా అభిప్రాయం గట్టిగానే చెప్తాను. పిల్లవాడు మొదట రాసిన కాగితం మీద ఎర్రసిరా పడకూడదు. ళ, ల తేడాలు, వత్తులు, దీర్ఘాలు మీరు వేరే నోట్సులో రాసిపెట్టుకుని భాషాంశాల పీరియడ్‌లో చెప్పండి. గోడ మీద పెట్టే ఫెయిర్ కాపీ రాసేటప్పుడు పక్కన కూర్చోబెట్టుకుని కలిసి సరిచేయండి. అప్పుడు కూడా అక్షరం సరిచేయొచ్చు గానీ మాటని మార్చకూడదు. ‘ఇనపడతాయి’ తీసేసి ‘వినిపిస్తాయి’ అని పెడితే, ‘అంటది’ తీసేసి ‘అంటుంది’ అని పెడితే ఆ పాప గొంతు పోతుంది. ఎక్కడైనా మార్చాలనిపిస్తే, ‘ఇది ఇలా ఉంచుదామా, ఇలా మారుద్దామా?’ అని తననే అడగండి. ఏది ఉంచాలో తనే చెప్తుంది.

మీరు పండగ చేసేది ఏ రోజున? ఆగస్టు 29, గిడుగు రామమూర్తి గారి పుట్టినరోజు. 1863లో పుట్టిన ఆయన జనం మాట్లాడే భాషే చదువుల్లోకి రావాలని జీవితమంతా పోరాడారు. పర్లాకిమిడిలో టీచరుగా ఉన్నప్పుడు సవర గిరిజనుల భాష నేర్చుకుని, సవర పిల్లలకి వాళ్ళ భాషలోనే చదువు చెప్పించడానికి పాటుపడ్డారు. ఆ రోజున పిల్లల నోట గ్రాంథికం వాసన వేసే మాటలు పలికించడం కంటే, వాళ్ళ ఇళ్ళల్లో మాటని వేదిక మీదికి తేవడమే ఆయనకి మనం చేయగల గౌరవం. మీ బళ్ళో సుగాలి తండా పిల్లలుంటే, తన కవితలో అమ్మని ‘యాడి’ అని రాసుకుంటే అలాగే ఉంచండి. ఆ మాట క్లాసందరికీ నేర్పమనండి.

ఒక జాగ్రత్త ఉంది. ఇలా చెప్పించడం మొదలుపెట్టాక ఇంటి సంగతులు బయటికొస్తాయి. తాగొచ్చే నాన్న వస్తాడు, అప్పులవాళ్ళు వస్తారు, చనిపోయిన చెల్లెలు వస్తుంది. పిల్లవాణ్ణి అడగకుండా ఏదీ నలుగురిలో చదవకండి, గోడ మీద పెట్టకండి. వాడు సరేనన్నా, ఊళ్ళో ఆ ఇంటి పరువుకి ఇబ్బంది అవుతుందనిపిస్తే మీ దగ్గరే ఉంచుకోండి. ‘ఇది నేను చదివాను, దాచిపెడతాను’ అని వాడికి చెప్పండి. దెబ్బలు, అంతకంటే పెద్ద విషయాలు కనపడితే అది కవిత్వం సంగతి కాదు. వెంటనే హెచ్‌ఎం గారితో మాట్లాడండి, అవసరమైతే పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చేయండి.

ఫోన్లో చూసి ఎవరిదో కవిత రాసుకొచ్చేవాళ్ళు కూడా ఉంటారు. దొంగతనం చేసినట్టు నిలదీయకండి. ‘బాగుంది, చదువు’ అనండి. చదివాక, ‘దీని కింద నీది ఒక లైను కలుపు’ అనండి. తనది ఒకటి వచ్చాక రెండోసారి ఎక్కించుకురావడం తగ్గిపోతుంది.

బహుమతుల గురించి హెచ్‌ఎం గారికి నా మాటగా చెప్పండి, వద్దని. మొదటి బహుమతి ఏ కవితకొస్తే, వచ్చే ఏడాది అందరూ అలాంటిదే రాస్తారు. దానికి బదులు గోడ పత్రిక పెట్టండి. ప్రతి పిల్లదీ ఒకటి ఉండాలి, క్లాసంతా కలిసి రాసింది మధ్యలో పెద్ద చార్టు మీద ఉండాలి. ఆ రోజు తల్లిదండ్రుల్ని పిలవండి. పిల్లలు ఒక్కొక్కరు లేచి తమది తాము చదవాలి. మైకు వద్దు, చిన్న గదే కాబట్టి గొంతు సరిపోతుంది. చదవలేనన్న పిల్లని బలవంతపెట్టకుండా, తను అడిగితే మీరు చదివిపెట్టండి.

ఎప్పుడూ కవిత రాయని మీరు ఎలా నేర్పాలని అడిగారు. పిల్లలతో పాటే మొదలుపెట్టండి. ‘వాన పడితే మా ఇంట్లో…’ అని వాళ్ళకిచ్చిన రోజున మీరూ ఒక కాగితం తీసుకుని వాళ్ళ మధ్య కూర్చుని మీ లైను రాయండి. మీ వంతు వచ్చినప్పుడు చదవండి. అది బాగా రాలేదనిపిస్తే ఎందుకు రాలేదో పిల్లల్ని అడగండి. రెండో ప్రశ్న అడగడం అప్పటికి వాళ్ళకి వచ్చేసి ఉంటుంది కాబట్టి, మీ ఇంట్లో వాన సరిగ్గా ఎక్కడ కారుతుందో తేలేదాకా మిమ్మల్ని వదలరు.